పూల్ గేటు ల్యాచ్, హింజులు: ఇన్‌స్పెక్షన్‌లో నిలబడేవి ఏవి, డబ్బు దండగ ఏవి

ఆస్ట్రేలియాలో ఇంటి స్విమ్మింగ్ పూల్ చుట్టూ పిల్లల భద్రత కోసం ఉండే కంచెకి ఇన్‌స్పెక్షన్ తేదీ దగ్గరపడిందంటే చాలామంది మొదట హార్డ్‌వేర్ షాపుకెళ్ళి గేటుకి కొత్త ల్యాచ్ (గడియ) కొనుక్కొస్తారు. పాతది విప్పి, అవే రంధ్రాల్లో కొత్తది బిగించి, గేటును ఒకసారి గట్టిగా తోస్తారు. టక్కుమని పడగానే పని అయిపోయిందనుకుంటారు. ఇన్‌స్పెక్టర్ గేటును తొయ్యరు. ఒక వేలితో రెండంగుళాలు తెరిచి వదిలేస్తారు. గేటు నింపాదిగా వచ్చి ల్యాచ్‌కి ఆనుకుని అక్కడే ఆగిపోతుంది. కొత్త ల్యాచ్ పెట్టినా ఫెయిలే.

ఈ సమీక్ష ఆ రెండంగుళాల గురించి. చూసిన సరుకు నాలుగు రకాలు: పైకి లాగి తీసే మాగ్నెట్ ల్యాచ్, టెన్షన్ సర్దుకోగలిగే స్ప్రింగ్ హింజులు (గేటు తిరిగే కీళ్ళు), పొట్టి ల్యాచ్‌ల చుట్టూ బిగించే షీల్డు, గాజు గేట్లకు పెట్టే హింజులు. కొలతలన్నీ పూల్ కంచెలకున్న ఆస్ట్రేలియా ప్రమాణం ఏఎస్ 1926.1-2012 ప్రకారం. పూల్ ఎప్పుడు కట్టారన్నదాన్ని బట్టి కొన్ని రాష్ట్రాల్లో పాత నిబంధన వర్తిస్తుంది. విక్టోరియాలో అయితే 1991 ఏప్రిల్ 8కి ముందువి, అప్పటి నుంచి 2010 ఏప్రిల్ 30 దాకా కట్టినవి, 2010 మే 1 నుంచి కట్టినవి అని మూడు గుంపులు. మీది ఏ గుంపో కౌన్సిల్ దగ్గర రిజిస్ట్రేషన్ కాగితంలో ఉంటుంది. క్వీన్స్‌ల్యాండ్‌లో పాతా కొత్తా తేడా లేకుండా అన్ని పూల్స్‌కీ ఒకటే ప్రమాణం. ఈ సంగతి తేల్చుకున్నాకే కొనుగోలు జోలికి వెళ్ళండి.

మాగ్నెట్ ల్యాచ్

పూల్ గేట్ల మీద నల్లటి పొడుగు గొట్టంలా నిలబడి, నెత్తిన గుండ్రటి పిడి ఉండేది ఇదే. మాగ్నాల్యాచ్ అన్న పేరు బాగా వాడుకలో ఉంది కాబట్టి ఏ కంపెనీదైనా జనం ఆ పేరుతోనే అడుగుతారు. పని తీరు తేలిక. గేటు మీది స్ట్రైకరూ (ల్యాచ్‌కి ఎదురు ముక్క) పోస్టు మీది ల్యాచూ ఎదురెదురుగా రాగానే అయస్కాంతం పిన్నును లాగేసుకుంటుంది. పిడిని పైకి లాగితే తప్ప వదలదు.

దీని గొప్పతనం ఎక్కడుందో తెలియాలంటే పాతకాలపు మామూలు ల్యాచ్ పక్కన పెట్టి చూడాలి. అందులో నాలుక ఒక వాలు మీదుగా ఎక్కి, అవతల పడాలి. ఆ వాలు ఎక్కడానికి గేటుకి ఊపు కావాలి. గేటు పూర్తిగా తెరిచి వదిలితే ఊపు వస్తుంది, రెండంగుళాల దూరం నుంచి వదిలితే రాదు. ఊపు చాలడం లేదని హింజుల టెన్షన్ పెంచితే, పూర్తిగా తెరిచినప్పుడు గేటు ఫిరంగిలా వచ్చి కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ స్క్రూలు కొంచెం కొంచెం సడలుతాయి. మాగ్నెట్ రకంలో ఎక్కాల్సిన వాలే లేదు. హింజులు గేటును చివరిదాకా తెచ్చి ఆనిస్తే చాలు, మిగతాది అయస్కాంతం చూసుకుంటుంది. గేటు ఏ స్థానం నుంచి వదిలినా, ల్యాచ్ మీద ఊరికే ఆనించి వదిలినా, దానంతట అదే మూసుకుని గడియ పడాలన్నది నియమం. ఆ నియమానికి సరిపోయేలా పుట్టిన సరుకు ఇది. మా ఓటు దీనికే.

అయితే దీనికో పెద్ద బలహీనత ఉంది. ఊపు విషయంలో ఎంత ఉదారమో, వరస విషయంలో అంత పిసినారి. గేటు కొన్ని మిల్లీమీటర్లు కుంగితే పిన్ను తన రంధ్రానికి ఎదురుగా రాదు. మామూలు ల్యాచ్ అయితే ఊపు మీద ఎలాగో పడిపోతుంది. మాగ్నెట్ రకం నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంటుంది. అందుకే అయస్కాంతం బలం తగ్గిందని తిట్టుకుని మార్చేసిన ల్యాచ్‌లలో ఎక్కువ భాగం బాగున్నవే. కుంగింది గేటు.

రెండోది, ఇనుప రజను. స్టీలు పోస్టుకి రంధ్రాలు పెట్టినప్పుడు రాలే సన్నటి రజనంతా నేరుగా అయస్కాంతం మీదికే పోతుంది. కంటికి గడ్డం మొలిచినట్టు కనిపిస్తుంది. పిన్ను పూర్తిగా దిగకుండా అడ్డుపడుతుంది. రంధ్రాలు పెట్టడం అయ్యేదాకా ల్యాచ్‌ని దాని సంచీలోంచి తీయకండి. ఇప్పటికే అంటుకుని ఉంటే గుడ్డతో తుడిస్తే పోదు. ప్యాకింగ్ టేపు జిగురు వైపు అద్ది అద్ది లాగితే వస్తుంది. నూనె, గ్రీజు పెట్టొద్దు. దుమ్మూ ఇసుకా పట్టి ఆర్నెల్లలో ముద్ద కడుతుంది. మంచినీళ్ళతో కడిగి ఆరనిస్తే చాలు.

తాళంచెవి ఉన్న మోడల్ మంచిదే, కానీ దానికి ఇన్‌స్పెక్షన్‌లో అదనపు మార్కులేమీ రావు. తాళం వెయ్యకపోయినా గేటు తనంతట తాను మూసుకుని గడియ పడాలి.

ఎత్తు సంగతి. పిడి నేల నుంచి కనీసం 1500 మి.మీ. పైన ఉండాలి. కింద పిల్లలు కాలు మోపగల అడ్డకమ్మీ ఉంటే, దాని పైభాగం నుంచి పిడి కనీసం 1400 మి.మీ. ఎత్తులో ఉండాలన్నది దాని జత నియమం. నేల అంటే బయటి పక్క, ల్యాచ్ సరిగ్గా కిందున్న నేల. పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పదేళ్ళ కిందట కచ్చితంగా 1500కి పెట్టిన ల్యాచ్ చుట్టూ తర్వాత పేవర్లు పరిచారు, లేదా కృత్రిమ గడ్డి వేశారు. నేల 40 మి.మీ. పైకొచ్చింది, ల్యాచ్ 1460కి దిగింది. కొత్తగా బిగించేవాళ్ళు 1520 దగ్గర పెట్టుకుంటే చిన్నాచితకా మార్పులకు భయపడక్కర్లేదు.

బిగించే క్రమం కూడా ముఖ్యం. ముందు హింజులు, టెన్షన్, ఆ తర్వాతే ల్యాచ్. టెన్షన్ పెట్టాక గేటు తనంతట తాను వచ్చి ఆగే చోటుకి తగ్గట్టు ల్యాచ్ పెట్టాలి గానీ, చేత్తో పట్టుకుని గుర్తులు పెడితే ఆ గుర్తులు అబద్ధం చెబుతాయి. పొడుగు రంధ్రాల్లో ఒక్కో స్క్రూ వదులుగా పెట్టి, పదిసార్లు వదిలి చూసి, వరస కుదిరాక మిగతావి బిగించండి. పొడుగు గొట్టం కాబట్టి పై క్లాంపుని వదిలేసి కింద రెండు స్క్రూలతో సరిపెడితే పిడి లాగినప్పుడల్లా ఊగుతుంది. ఆ ఊగడం ఏడాదిలో కింది స్క్రూలను ఊడబీకుతుంది.

హింజులు: అసలు మార్కులు వీటికే

ఇంటి పూల్ గేట్లలో ఎక్కువ కనిపించేది అల్యూమినియం గేటు. దానికి సరైన జోడీ లోపల స్టెయిన్‌లెస్ స్ప్రింగు, బయట పాలిమర్ ఒళ్ళు ఉండి, స్క్రూడ్రైవర్‌తో టెన్షన్ సర్దుకోగలిగిన హింజులు. ట్రూక్లోజ్ ఈ రకానికి బాగా తెలిసిన పేరు. చవకగా దొరికే ఇనుప స్ప్రింగు హింజులు రెండు కారణాలుగా దండగ. క్లోరిన్ గాలికి, ఉప్పునీటి పూల్ తుంపర్లకి స్ప్రింగు తుప్పు పడుతుంది. తుప్పు పట్టాక సర్దడానికి ఏ ఏర్పాటూ ఉండదు. పెట్టిన కొత్తలో పాలిమర్ జోడీకి ఏమాత్రం తీసిపోకుండా పని చేస్తాయి, అందుకే జనం మోసపోతారు.

టెన్షన్ సర్దే పద్ధతి: గేటు మూసి ఉండగా వెడల్పాటి స్క్రూడ్రైవర్‌ని సర్దుబాటు గాడిలో పెట్టి, లోపలికి నొక్కి, హింజు మీదున్న బాణం గుర్తు వైపు ఒక మెట్టు తిప్పి, మెల్లగా వదలాలి. మెట్టులో కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. పైదానికి ఒక మెట్టు, కిందిదానికి ఒక మెట్టు, మళ్ళీ పరీక్ష. ఒకే హింజుకి నాలుగు మెట్లు ఎక్కించి రెండోదాన్ని వదిలేస్తే భారమంతా ఒక స్ప్రింగే మోస్తుంది, అదే ముందు చస్తుంది.

ఎంత టెన్షన్ సరిపోతుంది? ల్యాచ్ మీద ఆనించి వదిలినప్పుడు పడాలి, పూర్తిగా తెరిచి వదిలినప్పుడు కొట్టుకుని వెనక్కి ఎగరకూడదు. ఈ రెంటి మధ్య చోటు దొరకాలి. దొరకకపోతే, అంటే దగ్గర నుంచి పడేంత పెంచితే దూరం నుంచి ఎగిరిపోతోందంటే, లోపం టెన్షన్‌లో లేదు. గేటు ఎక్కడో రాసుకుంటోంది, లేదా వరస తప్పింది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి టేపు, రసమట్టం తీసుకోండి.

గేటు మూసి, హింజుల పక్కన గేటుకీ పోస్టుకీ మధ్య సందు పైనా కిందా కొలవండి. ల్యాచ్ పక్కన కూడా అలాగే. ఉదాహరణకి ల్యాచ్ పక్కన పైన 12 మి.మీ., కింద 20 మి.మీ. వచ్చిందనుకుందాం. ఎక్కడో ఏదో ఒరిగింది. ఇప్పుడు హింజుల పక్క చూడండి. అక్కడ సందు పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే పై హింజు సడలింది. అక్కడ పైనా కిందా ఒకేలా ఉండి, గేటు కింది కమ్మీ మీద రసమట్టం పెడితే బుడగ మధ్యలో నిలవకపోతే హింజుల పోస్టే గేటు వైపు ఒరిగింది. సందూ సమానమే, రసమట్టమూ సరే అంటే ల్యాచ్ పోస్టు ఒరిగింది. ఐదు నిమిషాల పని. ఇది చెయ్యకుండా ల్యాచ్ మార్చడం తలనొప్పికి మోకాలికి మందు రాయడమే.

సడలిన హింజుకి వైద్యం సులువే గానీ చాలామంది తప్పుగా చేస్తారు. అల్యూమినియం పోస్టు లోపల బోలుగా ఉంటుంది, గోడ పలచన. స్క్రూకి పట్టు దొరికేది ఆ పలచటి గోడలోనే. మర అరిగిపోయాక ఇంకా పొడుగు స్క్రూ పెట్టినా లోపల గాలిలో తేలుతుంది. రివెట్ నట్లు (పలచటి గోడలో మర ఇచ్చే నట్లు) వేసి మెషీన్ స్క్రూలతో బిగించాలి, లేదా పోస్టు ఆ పక్క నుంచి ఈ పక్కకి బోల్టు దింపాలి. అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ స్క్రూ నేరుగా ఆనితే, ఉప్పు తేమ తోడైనప్పుడు అల్యూమినియం తినేస్తుంది. స్క్రూ చుట్టూ తెల్లటి పొడి కనిపించిందంటే అదే. నైలాన్ వాషర్లు వేసి, మరకి యాంటీ సీజ్ పేస్టు (మర పట్టేయకుండా రాసేది) రాస్తే ఏళ్ళు నిలుస్తుంది.

పోస్టు ఒరగడం మట్టి వల్ల. మెల్బోర్న్ పడమటి పేటల్లో ఉన్న బంకమట్టి మన నల్లరేగడికి చుట్టమే, ఎండకి బీటలు వారుతుంది, వానకి ఉబ్బుతుంది. పోస్టు కాంక్రీటు దిమ్మ లోతు చాలకపోతే ఏడాదికోసారి అటూ ఇటూ నడుస్తుంది. అలాంటి చోట ఎండాకాలంలో సర్దిన గేటు వానలు పడ్డాక వరస తప్పడం మామూలే. కొద్దిపాటి తేడా ఉంటే ల్యాచ్ పొడుగు రంధ్రాల్లో సర్దుకోవచ్చు. అంతకుమించితే దిమ్మ తవ్వి పోస్టు మళ్ళీ నిలబెట్టాలి. బేస్ ప్లేటుతో కాంక్రీటు మీద నిలబడ్డ పోస్టయితే యాంకర్ బోల్టులు సడలాయేమో ముందు చూడండి. చాలాసార్లు స్పానర్‌తో పోతుంది.

హింజుల చోటు గురించి మరో మాట. హింజే మెట్టులా మారకూడదు. పైకి పొడుచుకొచ్చిన హింజు మీద పిల్లలు కాలు పెట్టగలిగితే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోరు. పైభాగం ఏటవాలుగా ఉన్న మోడల్ తీసుకుంటే ఈ గొడవ ఉండదు. అదీ కాక, గేటును రెండు చేతులతో పైకి ఎత్తి చూడండి. కొన్ని హింజులు పిన్ను మీద పైకి జరుగుతాయి. గేటు లేవగానే గడియ వదిలేస్తే అది ల్యాచ్ తప్పు కాదు, హింజు మీద ఆపు లేకపోవడం.

గేటు పూల్ వైపు తెరుచుకోకూడదు, బయటికే తెరుచుకోవాలి. గడియ సరిగ్గా పడని గేటు మీద బయట నుంచి చిన్నపిల్లలు ఒరిగినా అది మూసుకుంటుందే గానీ తెరుచుకోదు. పాత గేట్లలో ఆపు పట్టీ వంగిపోయి గేటు రెండు వైపులా ఊగుతుంటుంది. ల్యాచ్ మార్చే ముందు ఆ పట్టీ సంగతి చూడండి.

షీల్డు కిట్

1500 ఎత్తు ల్యాచ్ పెట్టకుండా, లోపలి పక్కన పొట్టి ల్యాచ్ పెట్టుకుని పైనుంచి చెయ్యి చాచి తీసుకునే ఏర్పాటు నిబంధనల్లో ఉంది. అప్పుడు పిడి గేటు పైఅంచుకి కనీసం 150 మి.మీ. కింద ఉండాలి. దాని చుట్టూ 450 మి.మీ. వ్యాసార్ధంలో 10 మి.మీ. కన్నా పెద్ద సందు ఎక్కడా ఉండకూడదు. కమ్మీల గేటులో ఇది కుదరదు కాబట్టి అక్రిలిక్ రేకు కొట్టేస్తారు. ఆ రేకునే షీల్డు కిట్ అని అమ్ముతారు.

మాకు నచ్చలేదు. 450 వ్యాసార్ధం అంటే చిన్న ముక్క కాదు, గేటు సగం మూసేస్తుంది. అది తెరచాపలా గాలి పడుతుంది. ఎదురుగాలి ఉన్న రోజు గేటు మూసుకోవడానికి తంటాలు పడుతుంది, దాంతో టెన్షన్ పెంచాలి, దాంతో మిగతా కథంతా మొదలు. రేకు ఎండకి పసుపెక్కి స్క్రూ రంధ్రాల దగ్గర చిట్లుతుంది. పైగా రేకు గేటుకి మాత్రమే కొట్టి, గేటుకీ పోస్టుకీ మధ్య 15 మి.మీ. సందు వదిలేసినవాళ్ళున్నారు. ఆ సందు కూడా 450 లోపలే ఉంది కదా. ఆ డబ్బుకి ఇంకొంచెం వేసి పొడుగు మాగ్నెట్ ల్యాచ్ తీసుకోవడం మేలు.

గాజు గేట్లకు మాత్రం పొట్టి ల్యాచే సహజం. గాజే షీల్డు. అక్కడ చూడాల్సింది ఒక్కటే: గేటు గాజుకీ పక్క గాజుకీ మధ్య సందు 10 మి.మీ. దాటకూడదు. కొలవడానికి 10 మి.మీ. డ్రిల్ బిట్ చాలు. బిట్ ఒళ్ళు సందులోంచి వదులుగా జారిపోతే సర్దాల్సిందే.

గాజు గేటు హింజులు

గాజు బరువు ముందు లెక్క వేసుకోండి. చదరపు మీటరుకి, ఒక్కో మిల్లీమీటరు మందానికి, 2.5 కిలోలు. 890 మి.మీ. వెడల్పు, 1200 ఎత్తు, 8 మి.మీ. మందం గేటు సుమారు 21 కిలోలు తూగుతుంది. హింజు పెట్టె మీద రాసిన బరువు పరిమితి జోడీకా, ఒక్కోదానికా అన్నది చదివి తీసుకోండి.

స్ప్రింగు రకం ఠక్కున మూస్తుంది, శబ్దం చేస్తుంది. చాలా మోడళ్ళలో టెన్షన్ సర్దే వీలుండదు. బలం తగ్గితే జోడీ మొత్తం మార్చాలి. హైడ్రాలిక్ రకం మెత్తగా మూస్తుంది, వేగం సర్దే స్క్రూ ఉంటుంది, గాజుకి దెబ్బ తగలదు. ధర ఎక్కువైనా పిల్లల వేళ్ళు నలగకుండా ఉంటాయి. చిక్కల్లా చలి. లోపలి నూనె చల్లబడితే చిక్కబడి గేటు నత్తనడక నడుస్తుంది. మధ్యాహ్నం ఎండలో సర్దిన గేటు జులై (అక్కడ చలికాలం) ఉదయం ఏడున్నరకి ల్యాచ్ ముందు ఆగిపోవచ్చు. హైడ్రాలిక్ హింజుని ఎప్పుడూ రోజులో అతి చల్లటి వేళ పరీక్షించి సర్దండి. అక్కడ పడితే ఎండలో తప్పక పడుతుంది.

గాజు కుంగితే కారణం దాదాపుగా ఒక్కటే. హింజు ప్లేటు, రబ్బరు గాస్కెట్, గాజు, ఈ మూడింటి మధ్య పట్టు జారింది. గేటు కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తి, స్క్రూలు సడలించి, వరస సరిచేసి, అడ్డదిడ్డంగా కాకుండా ఒకదాని తర్వాత ఎదురుదాన్ని కొంచెం కొంచెం బిగించాలి. ఒక స్క్రూనే ఒక్కసారి పూర్తిగా బిగిస్తే ఒత్తిడి ఒక మూలన పడుతుంది. గట్టిపరిచిన గాజు అలాంటివి మరిచిపోదు. దానికి కొత్తగా రంధ్రం పెట్టడం, అంచు అరగదీయడం అసలు కుదరదు, మొత్తం పొడి పొడి అయిపోతుంది.

గేటు బాగయ్యాక మిగతా కంచె

దీనికి కొనాల్సిందేమీ లేదు. షాపుల్లో అమ్మే ఇన్‌స్పెక్షన్ కొలత కిట్ల బదులు ఇంట్లో మూడు ముక్కలు కోసుకోండి: 900 మి.మీ. పొడుగు బద్ద, సరిగ్గా 100 మి.మీ. వెడల్పు ప్లైవుడ్ ముక్క, ఇందాకటి 10 మి.మీ. డ్రిల్ బిట్. 100 ముక్క బదులు డ్రైనేజీ పైపు ముక్క వాడకండి. నూరు పైపు అని పిలిచేదాని బయటి కొలత 110 మి.మీ. ఆ పైపు దూరకపోయినా 105 మి.మీ. సందు మీ కళ్ళ ముందే తప్పించుకుంటుంది.

కంచె ఎత్తు బయటి నేల నుంచి కనీసం 1200. కింద సందు, కమ్మీల మధ్య సందు, గేటు కింద సందు, ఏదీ 100 దాటకూడదు. ప్లైవుడ్ ముక్కని కమ్మీల మధ్య ఊరికే పెట్టి చూడటం కాదు, కొంచెం బలంగా తోసి చూడండి. సడలిన కమ్మీ పక్కకి జరిగి దారి ఇస్తుంది. కుక్కలు తవ్విన చోట, వాన కోసిన చోట కింద సందు పెరిగి ఉంటుంది. మట్టి పోస్తే మళ్ళీ కొట్టుకుపోతుంది, కాంక్రీటు పట్టీ వెయ్యండి. మెష్ కంచె అయితే కన్ను 13 మి.మీ. దాటితే 1200 ఎత్తు సరిపోదు, 1800 కావాలి. కమ్మీల కంచెలో రెండు అడ్డపట్టీల మధ్య 900 ఉండాలి, లేదంటే అదే నిచ్చెన.

ఇక 900 బద్ద. దాని ఒక కొసని కంచె పైఅంచున బయటి వైపు ఆనించి, రెండో కొసని గాల్లో విల్లులా కిందికి తిప్పండి. ఆ విల్లు లోపల పిల్లలు పట్టుకోవడానికో కాలు పెట్టడానికో వీలున్నది ఏదీ ఉండకూడదు. 10 మి.మీ. కన్నా ఎక్కువ పొడుచుకొచ్చిన అంచు కూడా కాలు మోపే చోటే. పూలకుండీ, కుర్చీ, బార్బెక్యూ, నల్లా పైపు, చెట్టు కొమ్మ, ఏసీ పెట్టె, పంపు మీది మూత. కదిలేవాటిని ఇన్‌స్పెక్షన్ పొద్దున జరిపి సాయంత్రం మళ్ళీ పెట్టేవాళ్ళుంటారు. ఇన్‌స్పెక్టర్లకి పేవర్ల మీద కుండీ గుండ్రటి మరక కనిపించదా ఏంటి? కంచె లోపలి పక్కన కూడా, కమ్మీల మధ్య సందు 10 మి.మీ. దాటితే, 300 మి.మీ. మేర ఖాళీగా ఉంచాలి. చెయ్యి దూర్చి పట్టుకోగలిగినది ఏదైనా ఎక్కడానికి ఆధారమే.

ఇరుగింటితో పంచుకున్న గోడకంచె పూల్ కంచెగా పని చేస్తుంటే లెక్క మారుతుంది. ఎత్తు 1800, పూల్ ఉన్న పక్కనే కొలవాలి. 900 విల్లు కూడా మన పక్కనే, పైఅంచు నుంచి. అంటే మన పక్క ఆ కంచెకి ఆనించి పంపు గది, తీగ పందిరి కట్టకూడదు.

న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌ల్యాండ్‌లలో సీపీఆర్ (గుండె, ఊపిరి ఆగినవాళ్ళకి చేసే ప్రథమ చికిత్స) బోర్డు తప్పనిసరి. న్యూ సౌత్ వేల్స్‌లో అది మూడు మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. ఎండకి వెలిసిపోయిన బోర్డు లేనట్టే లెక్క. ఇది అన్నిటికన్నా చవకైన ఫెయిల్.

కాగితాల గడువు

ఇక్కడ క్లుప్తంగానే. విక్టోరియాలో నాలుగేళ్ళకోసారి రిజిస్టర్డ్ బిల్డింగ్ సర్వేయర్ లేదా ఇన్‌స్పెక్టర్ చూసి, కంచె నిబంధనలకి సరిపోయిందన్న సర్టిఫికెట్, ఫారం 23 ఇస్తారు. చిన్న లోపాలైతే సరిచేసుకోవడానికి 60 రోజుల దాకా రాతపూర్వకంగా గడువు ఇవ్వవచ్చు. క్వీన్స్‌ల్యాండ్‌లో సొంతింటి పూల్ సర్టిఫికెట్ రెండేళ్ళు, అపార్ట్‌మెంట్ లాంటి ఉమ్మడి పూల్‌ది ఏడాది. ఫెయిలైతే ఫారం 26 వస్తుంది, మూడు నెలల్లో మళ్ళీ చూపించుకోవాలి. న్యూ సౌత్ వేల్స్ సర్టిఫికెట్ మూడేళ్ళు. హార్డ్‌వేర్ తెప్పించి, బిగించి, పరీక్షించడానికి ఈ గడువులు సరిపోతాయి. పోస్టు తవ్వి కాంక్రీటు పోయాల్సి వస్తే మాత్రం మట్టి పొడిగా ఉన్న వారం చూసుకుని ముందే చేయించుకోండి.

సర్వీసుల గురించి. గేటు ట్యూనప్ అని వచ్చి చేసే ఫెన్స్ మెకానిక్‌లలో మంచివాళ్ళని గుర్తుపట్టడానికి ఒక ప్రశ్న చాలు. 'గేటు ల్యాచ్ మీద ఆగిపోతోంది, ఏం చేస్తారు?' అని అడగండి. ల్యాచ్ మారుస్తాం అని వెంటనే అంటే వద్దనండి. ముందు పోస్టులు, సందులు చూస్తాం అన్నవాళ్ళకి పని ఇవ్వండి.

ఆఖరి పరీక్ష ఇలా: గేటు పూర్తిగా తెరిచి, సగానికి తెరిచి, 300 మి.మీ., 100 మి.మీ., 50 మి.మీ. తెరిచి, చివరికి ల్యాచ్‌కి ఆనించి, ఒక్కోచోట నుంచి పదేసి సార్లు వదలండి. తొయ్యొద్దు, వేలు కూడా ఆనించొద్దు. అరవైకి అరవై పడాలి. యాభై తొమ్మిది పడితే ఆ పడని ఒక్కటి ఎక్కడి నుంచి వదిలిందో రాసిపెట్టుకోండి. 50 మి.మీ. దగ్గర అయితే టెన్షన్ ఒక మెట్టు, ఆనించినప్పుడు అయితే వరస, పూర్తిగా తెరిచినప్పుడు అయితే గేటు కొట్టుకుని ఎగురుతోంది, ఒక మెట్టు తగ్గించండి.